తెర చదువు యంత్రముల చరిత్రము

చూపులేనివారి చేతికి గ్రంథమునందించిన కీర్తి లూయీ బ్రెయిలీది. అతడు తన చుక్కల లిపిని 1829 సంవత్సరమున ప్రకటించెను. కాని కంప్యూటరు తెరమీది యక్షరము కేవలము వెలుగు. వ్రేలితో తడవినచో గాజు తప్ప మఱేమియు తగులదు. ఆ వెలుగును మాటగా మార్చి చెవికి వినిపించు విద్య యొకటి గలదు. ప్రోగ్రాముల మూలలేఖనమును ఎల్లరకు తెఱచియుంచు ఓపెన్‌సోర్స్ వ్యవస్థలలో ఆ విద్య యెట్లు పెరిగినదో తెలుపుటకే యీ వ్యాసము.

ఇందు రెండు పనులున్నవి. తెరమీద నేమున్నదో, దానిలో నేది ముందు పలుకవలయునో నిర్ణయించునది స్క్రీన్ రీడరు. అది యిచ్చిన యక్షరములను ధ్వనిగా మార్చునది స్పీచ్ సింథసైజరు. మొదటిది చదువరి, రెండవది కంఠము. కంఠమే ముందు పుట్టినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున డెన్నిస్ క్లాట్ చేసిన పరిశోధనలనుండి 1980ల యారంభమున డెక్‌టాక్ అను పలుకుపెట్టె వెలువడెను. దాని వెల వేల డాలర్లు. తరువాత విండోస్‌పై ప్రసిద్ధికెక్కిన జాస్ అను స్క్రీన్ రీడరు వెలయు చిరకాలము వేయి డాలర్ల ప్రాంతముననే యుండెను. చూపుగలవాడు తెరను ఊరకే చూచుచుండగా, చూపులేనివాడు అదే తెరకు వేఱుగ సుంకము చెల్లింపవలసివచ్చెనన్నమాట.

ఈ స్థితిలో టి. వి. రామన్ అను భారతీయుడు క్రొత్తత్రోవ త్రొక్కెను. పూనాలో పుట్టిన యీతడు గ్లకోమా వ్యాధిచే పదునాలుగవయేట చూపు కోల్పోయెను. 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. మఱుసటి సంవత్సరమే ఈమాక్‌స్పీక్‌ను లోకమునకిచ్చెను. సామాన్యమైన స్క్రీన్ రీడరు తెరమీది నెలపట్టికను చదివినచో వరుసగా అంకెలు మాత్రమే వినవచ్చును. వారమేదో నెలయేదో వినువాడే లెక్కించుకొనవలయును. ఈమాక్స్ మూలలేఖనము బహిరంగమగుటచే రామన్ తెరను విడిచి ప్రోగ్రాము కడుపులోనికే పోయి, అది చేయు ప్రతికార్యమునకు మాటను జతచేసెను. అందుచే నొక దినముపై నిలిచినంతనే వారము, తేది, నెల, సంవత్సరము కలిపి వినవచ్చును. తలుపు మూసియున్న ప్రోగ్రామునందు ఇట్టిపని యొక బయటివానికి సాధ్యమయ్యెడిదా?

అదే కాలమున కర్క్ రైజరు స్పీకప్ అను స్క్రీన్ రీడరును లినక్సు గర్భములోనే యమర్చెను. యంత్రము మేల్కొనునప్పటి మాటలుకూడ దానిచే వినబడును. అది చిరకాలము బయటి యతుకుగానేయుండి, 2010లో లినక్సు ప్రధాన భాండాగారపు పరీక్షాశాలలో చేరి, 2020లో మాత్రమే నిండు స్థానమును పొందెను. పదియేండ్లు గుమ్మములో నిలువబెట్టుట న్యాయముగా తోచదు.

ఇంతలో తెరయే మారిపోయెను. పూర్వము తెరపై నున్నవి యక్షరములే గనుక, వానిని యంత్రస్మృతినుండి తీసి పలికించిన చాలెడిది. కిటికీలు, బొమ్మలు, మీటలు వచ్చినపిమ్మట తెర యొక చిత్రపటమాయెను. ఇక ప్రతి ప్రోగ్రామును “ఇది మీట, దీని పేరిది” అని తనంతట చెప్పుకొననిదే చదువరికి దారిలేదు. నోమ్ అను చిత్రతెరకై సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు అట్టి యేర్పాటును నిర్మింపజేసిరి. వారి యొద్ద పెరిగిన ఓర్కా అను స్క్రీన్ రీడరు 2006లో నోమ్‌తో కలిసి వెలువడెను. 2010లో ఆరకిల్ సంస్థ సన్‌ను కొనినది; ఆ పనికి జీతమిచ్చి పోషించుట సన్నగిల్లెను. సొంత సరకైనచో ఓర్కా ఆనాడే అంతరించియుండును. మూలలేఖనము అందరి చేతులలో నుండుటచే జోన్‌మరీ డిగ్స్ దాని భారమును వహించి నడపెను. అయినను ఇన్నివేలమంది చెవి యిట్లు కొలదిమంది యోపికపై నాధారపడియుండుట భయమును గొల్పునదే.

కంఠముల విషయమున జొనాథన్ డడింగ్‌టన్ చేసిన యీస్పీక్‌ను చెప్పకతప్పదు. 1995లో ఏకార్న్ కంప్యూటరుపై మొదలైన యీ పని 2006లో ఈస్పీక్‌గా వెలసెను. 2015నుండి ఈస్పీక్ ఎన్‌జీ అను పేర నితరులు కొనసాగించుచున్నారు. ఇది మనుష్యకంఠమును పట్టి దాచినది కాదు. సూత్రములచే ధ్వనిని పుట్టించునది. కనుక మిక్కిలి చిన్నది, పలుకు మాత్రము కర్కశము. చూపుగలవారు విని నవ్వుదురు. వాడుకరులకు కావలసినది మాధుర్యము కాదు, వేగము. మనకు గలగలమను చప్పుడుగా తోచు వేగముననైనను అలవాటుపడిన చెవి మాటమాటను పట్టుకొనును. 2011నుండి డెబియన్ అను లినక్సు వ్యవస్థను నెలకొల్పునప్పుడు మొదటనే ‘ఎస్’ అను మీటను, పిదప ఎంటరును నొక్కినచో యంత్రము మాటలాడ నారంభించును. అంధుడు పరుల సాయము లేక తన యంత్రమును తానే సిద్ధపఱచుకొనవచ్చును.

తెలుగునకు వత్తము. మన భాషను వ్రాసినట్లే పలుకుదుము గావున సూత్రములకిది యనుకూలము; ఈస్పీక్ తెలుగు పలుకును, ఎడింబరో విశ్వవిద్యాలయమున పుట్టిన ఫెస్టివల్‌కును తెలుగు కంఠము గలదు. లోపము కంఠమున లేదు, మన యచ్చులో నున్నది. 1991నాటి మొదటి యూనికోడునందే తెలుగునకు స్థానము దొరకినను, మన ముద్రాపకులు పెక్కేండ్లు ఇంగ్లీషు అక్షరముల గదులలో తెలుగు రూపములనుంచి పనిజరిపిరి. అట్టి పుటలో కన్ను ‘అమ్మ’ను చూచును, యంత్రము అర్థములేని రోమను అక్షరములను పలుకును. పాతపత్రికల పుటలను ఛాయాచిత్రములుగా తీసి దాచినచో నంతమాత్రమును పలుకదు. టెసరాక్ట్ అను ఓపెన్‌సోర్స్ పరికరము ఆ చిత్రములనుండి తెలుగు అక్షరములను గుర్తించి తీయును గాని, వత్తులు నలిగిన పాతయచ్చులో తప్పులుచేయును. వానిని కన్నులున్నవారు చూచి దిద్దవలయును. తెలుగు వికీసోర్స్‌లో కొందఱు జీతము లేకయే పుటవెంట పుటగా ఆ పని చేయుచున్నారు.