సౌమ్య గుగులోత్: నిజామాబాద్ టు జాగ్రెబ్

విదేశీ క్లబ్‌కు ఆడిన తెలుగు ఫుట్‌బాలర్ ఎవరు? బెంజ్ సర్కిల్‌లో నిలబడి అడిగినా క్రికెటర్ల పేర్లే వినిపిస్తాయి. ఆమె పేరు సౌమ్య గుగులోత్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి. మొదట రన్నింగ్, ఆ తర్వాతే ఫుట్‌బాల్. గోకులం కేరళకు ఆడుతూ ట్రయల్స్‌లో మెప్పించి, 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ డినమో జాగ్రెబ్‌లో చేరింది. మన దగ్గర మహిళల లీగ్ ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా టైమంతా మ్యాచ్‌ల కోసం ఎదురుచూపే. అందుకే ఆ చాన్స్ అంత పెద్దది. అక్కడ ఎక్కువ కాలం లేదు, తిరిగొచ్చేసింది.

అసలు ఫామ్ కనిపించింది ఈస్ట్ బెంగాల్‌లోనే. 2024-25లో ఆ జట్టు ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది, సౌమ్య ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2025 జూన్‌లో మంగోలియాపై 13-0 విజయంలో రెండు గోల్స్ కొట్టింది. ఆ క్వాలిఫయర్స్‌తోనే భారత్ 2026 ఆసియా కప్‌కు వెళ్లింది.