యూదుల పాఠశాలలు - దూరదేశపు లేఖలు



వారములు కుదుర్చుకొని, దినమున కొక యింట భుజించుచు గురువునొద్ద చదువుకొన్న వారిని గూర్చి గరిడేపల్లి వంటి గ్రామములలోని పెద్దలకు నేను చెప్ప నక్కఱలేదు. తూర్పు ఐరోపాలోని యూదులకును ఇట్టి యాచారమే యుండెను. వారి ధర్మశాస్త్ర పాఠశాలకు ‘యెషీవా’ యని పేరు. అందలి విద్యార్థులు దినమున కొక గృహస్థుని యింట భుజించుచుండిరి. దీనిని వారు ‘దినములు తినుట’ యనిరి.

ఈ పద్ధతిలో విద్యార్థి చదువు ఆ యూరి కలిమిపై ఆధారపడును. దీనిని మార్చినవాడు వొలోజిన్ పట్టణపు హయీము పండితుడు. 1803 ప్రాంతమున పాఠశాలను స్థాపించుచు ఆయన యూద సమాజములకు లేఖ వ్రాసి సాయము కోరెను. పాఠశాల దూతలు ఊరూర తిరిగి చందాలు తెచ్చిరి. భోజనవ్యయమును పాఠశాలయే భరించెను. ఒక యూరి భారము పెక్కు ఊళ్ల భారమయ్యెను.

పిమ్మట లక్షలకొలది యూదులు అమెరికాకు వలసపోగా, లేఖలును సముద్రము దాటెను. అప్పటికి జెరూసలేములోని పండితులును, పాఠశాలలును చాలవఱకు ఐరోపా దానముపై జీవించుచుండెను. 1914లో యుద్ధము వచ్చి ఆ దానము నిలిచిపోయెను. ఆగస్టు 31వ తేదీన, తురుష్క సామ్రాజ్యమున అమెరికా రాయబారియైన హెన్రీ మార్గెంథా, పాలస్తీనా యూదులకై 50,000 డాలర్లు పంపుడని న్యూయార్కులోని జేకబ్ షిఫ్‌నకు తంతి నిచ్చెను. ధనము చేరెను. ఆ నవంబరులోనే అమెరికా యూదుల సంయుక్త సహాయ సంఘ మేర్పడెను.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. ఆకలిగొన్నవారు అసంఖ్యాకులుండగా ముందు విద్యార్థికి పెట్టుట న్యాయమా? రెండవ యుద్ధకాలమున ఈ ప్రశ్న తీవ్రమయ్యెను. 1939లో అమెరికాలోని రబ్బీలు, అనగా యూద మతగురువులు, ‘వాద్ హత్సలా’ యను సంఘమును స్థాపించి, పండితులను ముందు రక్షింపవలెననిరి. సంయుక్త సంఘమువారు ఆపన్నులందఱును సమానులే యనిరి. ఐరోపాలో పెక్కు పాఠశాలలు తమ జనులతో గూడ హిట్లరు పాలనలో నశించెను. మీర్ పాఠశాలవారు మాత్రము 1941లో జపాను మీదుగా షాంఘై చేరి, అమెరికానుండి వచ్చిన సాయముతో యుద్ధాంతము వఱకు అధ్యయనము సాగించిరి.

ఈ వాదమున ఒక పక్షమునే ఒప్పని నేను చెప్పజాలను. అన్నము లేనిచో మనుష్యుడు నిలువడు. గురుశిష్య పరంపర తెగిన పిమ్మట ధనముతో దానిని మరల కొనలేము. కాని వారమిచ్చి పోషించిన మన యిల్లాండ్రు, ఆకలిగొన్న బాలునికి పెట్టుటయు, విద్యను నిలుపుటయు వేరుగా నెంచలేదు. దూరమునుండి వచ్చు లేఖకు సమాధానమిచ్చునప్పుడు ఈ మాట స్మరింపదగినది.