పెంపుడు జంతువుల క్రమబద్ధ ఆరోగ్య పరీక్షలు

ఇళ్ళలో పెంచుకునే కుక్క, పిల్లి వంటి జంతువులను జబ్బు లక్షణాలు కనిపించినా కనిపించకపోయినా నిర్ణీత వ్యవధిలో పశువైద్యునికి చూపించడాన్ని క్రమబద్ధ ఆరోగ్య పరీక్ష అంటారు. ఈ వ్యవధి జంతువు జాతిని, వయసును, అది తిరిగే పరిసరాలను బట్టి మారుతుంది. స్థూలంగా చూస్తే పుట్టిన తొలి నాలుగు నెలల్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, ఎదిగిన తరువాత ఏడాదికొకసారి, వయసు మళ్ళాక ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించడం పశువైద్యులు సూచించే పద్ధతి. కుక్కలు, పిల్లులు మనుషుల కంటే చాలా వేగంగా వయసు మీరుతాయి గనుక వాటి ఆరోగ్యంలో ఏడాది తిరిగేలోపే పెద్ద మార్పులు రావచ్చు. పైగా నొప్పిని, నీరసాన్ని బయటపడనీయకపోవడం వాటి స్వభావం. ఈ గుణం పిల్లుల్లో మరీ ఎక్కువ కావడంతో, యజమాని గుర్తించే నాటికే వ్యాధి ముదిరి ఉండడం కద్దు.

పసి వయసు

తల్లి ముర్రుపాల ద్వారా పిల్లలకు ప్రతిరక్షకాలు, అంటే రోగకారక క్రిములను అడ్డుకునే ప్రత్యేక మాంసకృత్తులు, సంక్రమిస్తాయి. ఇవి కొన్ని వారాల పాటు పిల్లను కాపాడుతూనే, ఆ కాలంలో వేసిన టీకాను కూడా పనిచేయనీయవు. ఇవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గిపోతాయో బయటి నుంచి చెప్పడం సాధ్యం కాదు. అందువల్లనే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేవరకు కొనసాగిస్తారు. ఒక్క టీకాతో సరిపెట్టిన పిల్లకు రక్షణ కలగకపోవచ్చు.

కుక్కపిల్లల్లో ఈ టీకాలు రక్త విరేచనాలతో ప్రాణం తీసే పార్వో, ఊపిరితిత్తులను, నాడీమండలాన్ని దెబ్బతీసే డిస్టెంపర్, కాలేయ వాపు కలిగించే అడినోవైరస్‌ల నుంచి కాపాడతాయి. పిల్లి పిల్లల్లో పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి వైరస్‌లను అడ్డుకుంటాయి. రేబిస్ టీకాను సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు.

నట్టల మందు అంతకంటే ముందే మొదలవుతుంది. ఏలిక పాములు తల్లి గర్భంలో ఉండగానే కుక్కపిల్లకు సంక్రమించగలవు కాబట్టి రెండో వారం నుంచే పక్షానికొకసారి, రెండు మూడు నెలలు దాటాక నెలకొకసారి, ఆరు నెలల తరువాత మూడు నెలలకొకసారి ఈ మందు తాగిస్తారు. మోతాదు జంతువు బరువును బట్టి మారుతుంది గనుక ప్రతిసారీ తూకం వేయించడం అవసరం.

ఎదిగిన వయసు

ఏటా టీకా వేయించడమే పరీక్ష అన్న అభిప్రాయం పెంపకందారుల్లో విస్తృతంగా ఉంది. అయితే పార్వో, డిస్టెంపర్ వంటి వైరస్ వ్యాధుల టీకాలు తొలి విడత సక్రమంగా పూర్తయి, ఏడాదిలోపు మరో మోతాదు పడితే, ఆ తరువాత మూడేళ్ళకొకసారి వేసినా చాలునని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్‌కు మాత్రం టీకా ఏటా అవసరం. రేబిస్ టీకాను కూడా భారతదేశంలో ఏటా వేయించడమే ఆనవాయితీ. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే కాబట్టి ఈ టీకా ఇంటిల్లిపాదికీ రక్షణ.

వార్షిక పరీక్షలో వైద్యుడు ముందుగా బరువు చూసి, పక్కటెముకలు చేతికి ఎంత సులువుగా తగులుతున్నాయో తడిమి, దేహస్థితిని తొమ్మిది అంకెల కొలమానంపై అంచనా కడతాడు. చిగురును వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే రక్త ప్రసరణ మందగించిందని, అసలు చిగురే పాలిపోయి ఉంటే రక్తహీనత ఉండవచ్చని అర్థం. కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది కనుక మనిషి కొలతతో దాని జ్వరాన్ని లెక్కించరాదు. మూడేళ్ళ వయసుకే అధిక శాతం కుక్కల్లో, పిల్లుల్లో ఎంతో కొంత చిగుళ్ళ వ్యాధి మొదలై ఉంటుంది గనుక పళ్ళ గారను ఏటా పరిశీలిస్తారు.

పిడుదులు, ప్రాంతీయ వ్యాధులు

వెచ్చని వాతావరణం వల్ల తెలుగు రాష్ట్రాల్లో కుక్కలకు పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది. చెవుల మడతల్లో, కాలి వేళ్ళ సందుల్లో చేరే ఈ పురుగులు రక్తం పీల్చడంతో ఆగక ఎర్లీషియా, బబేసియా అనే సూక్ష్మజీవులను రక్తంలోకి ఎక్కిస్తాయి. ఎర్లీషియా సోకిన కుక్కలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోయి, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం కారుతుంది. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, జ్వరంతో ముడుచుకుపోతే వార్షిక గడువు కోసం చూడక వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

వయసు మళ్ళిన దశ

గ్రేట్ డేన్ వంటి భారీ జాతులు ఆరేడేళ్ళకే వృద్ధాప్యంలో అడుగుపెడతాయి. చిన్న జాతి కుక్కల్లో ఈ దశ తొమ్మిది, పదేళ్ళకు గానీ రాదు. పిల్లులను పదేళ్ళు దాటాక వృద్ధులుగా పరిగణిస్తారు. ఈ దశలో ఆరు నెలలకొకసారి శరీర పరీక్షతో పాటు రక్తం, మూత్రం, రక్తపోటు పరీక్షలు జరిపిస్తారు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం పెరిగే నాటికి మూత్రపిండాల సామర్థ్యంలో సుమారు నాలుగింట మూడు వంతులు నశించి ఉంటుంది. ఆ మార్పును ముందే పసిగట్టాలంటే ఒక్కసారి తీసిన అంకె చాలదు, వరుస పరీక్షల ఫలితాలను పోల్చి చూడాలి. గర్భసంచి తొలగించని ఆడ కుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు అతిగా నీళ్ళు తాగుతూ నలతగా ఉంటే గర్భాశయంలో చీము పట్టిందేమో చూడాలి.

గడువుతో నిమిత్తం లేని సందర్భాలు

మగ పిల్లి మూత్రానికి కూర్చుని అవస్థ పడుతున్నా, పెద్ద కుక్క పొట్ట ఉబ్బి వాంతి రాక ఓకరిస్తున్నా, కుందేలు పన్నెండు గంటలుగా మేత ముట్టకపోయినా అది అత్యవసర స్థితి. పిల్లికి మనుషుల పారాసిటమాల్ మాత్ర వేస్తే ప్రాణానికే ముప్పు.

సేవలు

ప్రభుత్వ పశువైద్యశాలలు, హైదరాబాద్ నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు పెంపుడు జంతువులకు వైద్యం అందిస్తున్నాయి. 1962 నంబరుపై నడిచే సంచార వాహనాలు ప్రధానంగా పాడి పశువులకు, జీవాలకు ఉద్దేశించినవి. ఎక్కడ చూపించినా బరువు, టీకాలు, నట్టల మందు, రక్తపరీక్షల వివరాలను ఒకే పుస్తకంలో రాయించి ప్రతిసారీ వెంట తీసుకువెళ్ళడం మంచిది. టీకాకు మూడేళ్ళ గడువు ఉండవచ్చు గానీ, పరీక్షకు గడువు ఎన్నడూ ఏడాది దాటరాదు.