‘హూ’, ‘విచ్’, ‘దట్’ అను మాటల పూర్వవృత్తాంతము

ఇంగ్లీషు వాక్యములో నామవాచకము ముందు నిలువగా, దానిని వర్ణించు ఉపవాక్యము వెనుక నడచును. తెలుగులో వర్ణన యంతయు ముందే ముగిసి, నామవాచకము చివరకు వచ్చును. ‘నిన్న వచ్చిన మనుష్యుడు’ అని మనము మూడు మాటలలో చెప్పినదానికి వారు ‘ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే’ అని ఐదు మాటలు వాడుదురు. నడుమనున్న ఆ ‘హూ’కు సరియైన మాట మనకు లేదు. పాఠశాలలో ‘దోజ్’ తరువాత ‘హూ’ రావలెననియు, ‘ఆల్’ తరువాత ‘దట్’ అనియు, ‘సచ్’ తరువాత ‘యాజ్’ అనియు మాచేత వల్లె వేయించిరే గాని, ఆ కట్టుబాటు ఎట్లేర్పడినదో చెప్పినవారు లేరు. ఉద్యోగవిరమణానంతరము తీరికగా చదివి తెలిసికొన్న సంగతులు కొన్ని పాఠకమహాశయులకు మనవి చేయుచున్నాను.

9వ శతాబ్దమున ఆల్ఫ్రెడ్ రాజు పాలించిన కాలపు ఇంగ్లీషులో ‘హూ’, ‘విచ్’ అనువాని పూర్వరూపములు ప్రధానముగా ప్రశ్నార్థకములు. సంబంధమును తెలుపుటకు ‘థె’ అనెడి మార్పులేని చిన్న మాట యొకటి యుండెను. దానితోపాటు ‘ఆ’ అను అర్థము గల నిర్దేశకమును సైతము ఆ పనికి వాడుకొనెడివారు. అది పుంలింగమున ‘సె’ యనియు, నపుంసకమున ‘థ్యాట్’ అనియు నుండెడిది. ఈ రెండవదియే నేటి ‘దట్’. నేటి ‘ది’ అను మాటయు ఆ కుటుంబములోనిదే. ఒకే గుమాస్తా రెండు బల్లల పని చూచినట్లు, ఆ యొక్క మాటయే నామవాచకమునకు ముందు నిలిచి దానిని చూపుచు, వెనుక నిలిచి ఉపవాక్యమును తగిలించుచు వచ్చినది.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దములలో ‘థె’ క్రమముగా అంతరించి, ‘దట్’ దాని స్థానమును ఆక్రమించినది. ప్రశ్నార్థకములు ఒక్కొక్కటిగా ఈ కొలువున చేరినవి. ‘విచ్’, ‘హూమ్’, ‘హూజ్’ ముందుగా వచ్చినవి. కర్తృస్థానములో ‘హూ’ అన్నిటికంటె ఆలస్యముగా వచ్చి, 15, 16 శతాబ్దములలో గాని స్థిరపడలేదు. ప్రశ్నార్థకమే సంబంధార్థకమగుట ఫ్రెంచిలోను గలదు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములో ఆ భాష చదివినవారు, ‘కి’ అను మాట రెండు పనులకును వచ్చుట ఎరుగుదురు. సంస్కృతమున నట్లు కాదు. ప్రశ్నకు ‘కః’, సంబంధమునకు ‘యః’ అని వేరువేరు మాటలు కలవు.

మనుష్యులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’ అను విభాగము మనము తలచునంత పాతది కాదు. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో ప్రభుప్రార్థనయందు పరలోకపు తండ్రికే ‘విచ్’ వేసినారు. అందులో అగౌరవమేమియు లేదు; నాటి వాడుక యట్టిది.

ఇచ్చట నొక వినోదము. 1711 మే 30వ తేదీ ‘స్పెక్టేటర్’ పత్రికలో రిచర్డ్ స్టీల్ అనునాతడు ‘హూ’, ‘విచ్’ల పేర నొక అర్జీ ప్రకటించెను. తాము ప్రాచీన వంశజులమనియు, నిన్నమొన్న వచ్చిన ‘దట్’ తమ్ము త్రోసివేసి కూడు లేకుండ జేసినాడనియు వాని ఫిర్యాదు. రెండు దినములలో ‘దట్’ తరఫున ప్రత్యుత్తరము వెలువడినది. జీవితమంతయు అర్జీల నడుమ గడపిన నాకు ఇది మిక్కిలి నచ్చినది. కాని అర్జీదారుల మాట చరిత్రకు విరుద్ధము. పాత కాపు ‘దట్’. వచ్చి చేరినవారు వారిద్దరే.

ఇక పాఠశాలలో వల్లించిన కట్టుబాట్ల సంగతి. ‘దట్ దట్’ అని ఒకే మాట రెండు మారులు వచ్చిన చెవికి ఇంపుగా నుండదు గనుక ‘దట్ విచ్’ అనిరి. నిత్యవ్యవహారమున దానికి బదులు ‘వాట్’ అను ఒక్క మాటయే చాలును. ‘దే హూ’ మూలబడి ‘దోజ్ హూ’ నిలిచినది. ‘హీ హూ’ సామెతలలోను గంభీరమైన రచనలలోను మిగిలినది. ‘దోజ్ హూ’ అన్నప్పుడు ‘దోజ్’ ఎవరిని వ్రేలు పెట్టి చూపదు. వెనుక వచ్చు ఉపవాక్యమునకు ఆధారముగా మాత్రము నిలుచును. మన ‘వచ్చినవారు’లోని ‘వారు’ చేయునదియు అదియే.

మన పద్ధతి వేరు. చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణము’ చదివినవారికి ‘ధాతుజవిశేషణము’ అను పేరు పరిచితమే. కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము వ్రాయుచు, ఈ భాషలలో సంబంధ సర్వనామములు లేవనియు, వాని పనిని ఈ విశేషణములు చేయుననియు గుర్తించెను. లేమి యనిన కొందరికి కొరతగా తోచును, నాకట్లు తోచదు. ‘కోసిన పండు’, ‘కోసిన కత్తి’, ‘కోసినవాడు’ అను మూటిని చూడుడు. ఒక్క ‘కోసిన’ కర్మకును, సాధనమునకును, కర్తకును సరిపోవుచున్నది. కత్తి విషయమున ఇంగ్లీషువాడు ‘విత్ విచ్’ అని విభక్తిని విడిగా పలుకవలెను. మనకు లోకానుభవమే విభక్తి.

అయినను చిక్కులు లేకపోలేదు. నేనెరిగిన యొక కచేరీలో దినకూలీలకు బాకీకూలి చెల్లింపవలెనని ఇంగ్లీషు ఉత్తరువు వచ్చినది. ‘హూ’కు ముందు కామా యున్నచో, కూలీలందరి పేర్లును చిట్టాలో నున్నవని యర్థము, అందరికిని పైకము. కామా లేనిచో పేరున్నవారికి మాత్రమే. మూలప్రతిలోని కామా టైపు ప్రతిలో జారిపోయెను. పేరు కనబడలేదని కొందరికి చెల్లింపు నిలిపివేసిరి. వారిలో తెలుగువారు తమ భాషలో చదివి వినిపింపుమని కోరిరి. ‘చిట్టాలో పేరు గల కూలీలకు’ అని చదువగా, అందరును తమకే యనుకొనిరి. తెలుగున ఆ మాటకు రెండర్థములును పొసగును. పరిమితి తెలియవలెనన్నచో ‘వారికి మాత్రమే’ అని చేర్చవలెను. లేదా వాక్యమును రెండుగా విరువవలెను. సవరణ యుత్తరువు వచ్చుటకు మూడు మాసములు పట్టెను. అంతవరకు ఆ కుటుంబములు అప్పులతో గడపినవి.

మా బరంపురము 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రములో చేరినది. ఇచ్చటి మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు వినుచున్నారు. ఒడియాలో ‘జె’, ‘సె’ అను జంట గలదు. మహారాష్ట్రములోని మనవారు ‘జో’, ‘తో’ వినుచున్నారు. అందువలన ‘వచ్చినవాళ్లు’ అనవలసినచోట ‘ఎవరైతే వచ్చారో వాళ్లు’ అనుట మా పిల్లలలో పెరుగుచున్నది. ఇది తప్పని కొట్టివేయజాలను. సంస్కృత శ్లోకములకు టీక చెప్పు పండితులు ‘యః’ అనుదానికి ‘ఎవడు’ అనియు, ‘సః’ అనుదానికి ‘వాడు’ అనియు ఏనాటినుండియో చెప్పుచున్నారు. కాని టీకకు తగిన నడక మాటలాటకు బరువు. కర్ణాటకములోని మన సోదరులకు ఈ బాధ తక్కువ. ‘వచ్చినవాడు’ అనుటకు ఇరుగుపొరుగు కన్నడమువారు ‘బందవను’ అందురు; అచ్చుగుద్దినట్లు మన కూర్పే.