వారానికి రెండు సెంట్లు

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు మిషన్‌ను మూసేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంత ఖర్చు ఎందుకని 1853లో ఆల్బనీ సభలో గట్టి వాదన జరిగింది. శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు ఆ రాత్రి 'లోన్ స్టార్' అని ఒక గీతం రాసి మర్నాడు వినిపించాక మనసులు కరిగాయంటారు. ఏదైతేనేం, మిషన్ నిలిచింది. ఆ మాట అటో ఇటో అయి ఉంటే మా ఇంట్లో అక్షరం ముక్క ఉండేది కాదేమో.

1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. బడి పెడితే ఊళ్లో పెద్దకులాలవాళ్లు సాయం చేస్తామన్నారు, పిల్లల్ని పంపారు. ఇంతలో క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వెనకాల అతని కులంవాళ్లు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ప్రార్థన చేసి బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట, కొరింథీయులకు మొదటి పత్రిక మొదటి అధ్యాయం. దేవుడు బలహీనుల్నే ఎన్నుకున్నాడనే మాట అది. పెద్దింటి పిల్లలు వెళ్లిపోయారు, మాదిగలు ఉండిపోయారు.

నా లెక్కలో ఒంగోలు చరిత్రలో అసలు ఘట్టం ఇదే. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. బడి గుమ్మం దగ్గర జరిగిన ఈ సంగతి తక్కువమంది తలుస్తారు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి తక్కువదేం కాదు, కానీ మొదట్లో మాల మాదిగ పిల్లలకు అందులో చోటు లేదు. అక్కడా కానుకల సొమ్మే, ఇక్కడా కానుకల సొమ్మే. బల్ల మీద ఎవరు కూర్చున్నారన్నదే తేడా.

ఆ సొమ్ము ఎక్కడిది? 1871లో బాప్టిస్టు స్త్రీలు సొంతంగా మిషన్ సంఘాలు పెట్టుకున్నారు. ఆ కాలపు స్త్రీల సంఘాల్లో వారానికి రెండు సెంట్లు, దాంతోపాటు ఒక ప్రార్థన అనేది వాడుక. కుట్టుపని మిగులు, ఇంటిఖర్చులో మిగిలింది అలా డబ్బాలో పడేది. పెద్ద దాతల పేర్లు గోడలకెక్కాయి. కర్నూలు కోల్స్ హైస్కూలు పేరు అలా వచ్చిందే. రెండు సెంట్ల అమ్మల పేర్లు ఏ గోడ మీదా లేవు.

మా తాత మిషన్ బోర్డింగులో ఫోర్తు ఫారం దాకా చదివాడు. క్రిస్మస్ ముందు దొరసాని ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, ఖర్చు భరించే చర్చికి ఉత్తరం రాయించేదట.

"ఏం రాసేవాడివి తాతా?"

"వంకాయ కూర బాగుందని రాశాన్రా. దొరసాని అది కొట్టేసి 'దేవునికి స్తోత్రం' అని రాయించింది."

ఇచ్చేవాళ్లకు ఏ మాట వినాలనుంటుందో ఆమెకు తెలుసు మరి! పరాయివాళ్ల ఔదార్యం మీద బతికే బడికి ఆ మొహమాటం తప్పదు.

ఇచ్చిందంతా తెల్లవాళ్లేనా అంటే కాదు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు సొంత మిషన్ సంఘం పెట్టుకుని, తమ కానుకలతోనే దోర్నకల్ వైపు మనుషుల్ని పంపారు. వాళ్లకు తెలుగునేల పరదేశమే. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య, ఇచ్చుకోవడం బీద సంఘానికీ అలవాటు కావాలన్నాడు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఆడవాళ్లు పిడికెడు బియ్యం పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ బియ్యమే కానుక. డాలర్లకన్నా ఈ పిడికెడే నాకు పెద్దదనిపిస్తుంది. కడుపు నిండని ఇంట్లోంచి వచ్చింది కదా.

ఇప్పుడు మన సంఘాల్లో చాలావాటికి డబ్బుకు కొదవ లేదు. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగు ఆరాధనలు జరుగుతున్నాయి. అయినా కనిగిరి, మార్కాపురం వైపు పల్లెల్లో పదో తరగతితో చదువు ఆపేసే పిల్లలు ఇంకా ఉన్నారు. అయ్యా, అమ్మా, ఈ కోతపండుగకు కొత్త సౌండు సిస్టమ్ మాట ఎత్తేముందు, ఒక పిల్లకు రెండేళ్ల ఇంటర్ ఫీజు, హాస్టలు ఖర్చు ఎంతవుతుందో కనుక్కోండి. ఆ పిల్లతో ఉత్తరం మాత్రం రాయించకండి.