సరే అనేదాకా వదలని పెట్టె

రాత్రి పడుకునే ముందు తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటామా? గడియ మీద చెయ్యి వేసీ వేయగానే ఎవడో కిటికీలోంచి తల దూర్చి, “అయ్యా, ఈ గడియ దండగ, నా గడియ బిగించనా?” అంటే ఎలా ఉంటుంది! బ్రౌజరులో ప్రైవసీ సెట్టింగులు చూసుకుందామని కూర్చున్నవాళ్ళకి తరచు జరిగే మర్యాద ఇదే. మనం వెతికేది ఒకటి, తెరమీద ప్రత్యక్షమయ్యేది “ఈ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుంటారా?” అనే పెట్టె. ఈ పెట్టెకీ ఒక చరిత్ర ఉంది.

1996 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 విడుదల చేశారు. అందులో యాక్టివెక్స్ అని ఒక సదుపాయం. వెబ్ పేజీ తన వెంట చిన్న ప్రోగ్రామును తెచ్చుకోవచ్చు. అది మన కంప్యూటరులో దిగిందంటే ఇంటి మనిషే! ఫైళ్ళు చదవచ్చు, రాయచ్చు, చెరిపెయ్యచ్చు. మరి కాపలా ఏమిటయ్యా అంటే, డిజిటల్ సంతకం. ప్రోగ్రాము మీద ఫలానావారి సంతకం ఉందని చూపించి, దించమంటారా వద్దా అని బ్రౌజరు మననే అడుగుతుంది. సంతకం ఎవరిదో తెలుస్తుంది గాని, పెట్టినవాడి బుద్ధి ఎలాంటిదో తెలియదు కదా!

ఆ సంగతి ఫ్రెడ్ మెక్‌లేన్ అనే ప్రోగ్రామరు ఆ ఏడాదే రుజువు చేశాడు. ‘ఎక్స్‌ప్లోడర్’ అనే యాక్టివెక్స్ ప్రోగ్రాము రాశాడు. అది చేసే పనల్లా విండోస్ 95 కంప్యూటరును చక్కగా ఆర్పెయ్యడం. దానికి వెరిసైన్ సంస్థ సర్టిఫికెట్‌తో శాస్త్రోక్తంగా సంతకం కూడా చేశాడు. తర్వాత ఆ సర్టిఫికెట్ రద్దు చేశారనుకోండి.

ఇంతకన్నా చిత్రం 2001 జనవరిలో జరిగింది. ఎవడో మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని నమ్మించి, అదే వెరిసైన్ దగ్గర ‘మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్’ పేరు మీద రెండు సర్టిఫికెట్లు పుచ్చుకుపోయాడు. మోసం తెలిసి రద్దు చేశారు. కాని ఆ రద్దు సంగతి బ్రౌజరు తనంతట తాను తెలుసుకునే ఏర్పాటు లేదు! మైక్రోసాఫ్ట్ వాళ్ళు ప్రత్యేకంగా మరమ్మతు పంపవలసి వచ్చింది.

ఈలోగా టూల్‌బార్లు అమ్ముకునేవాళ్ళు ఇంకో కిటుకు కనిపెట్టారు. “వద్దు” అని నొక్కితే పేజీ మళ్ళీ తెరుచుకుంటుంది, పెట్టె మళ్ళీ లేస్తుంది. ఎన్నిసార్లని కాదంటాం? విసుగెత్తి ఒక్కసారి “సరే” అంటే చాలు, వాళ్ళ దృష్టిలో అది మన మనఃపూర్వక అంగీకారం! 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాక గాని ఈ పీడ తగ్గలేదు. అప్పటినుంచి పెట్టె మీద పడటం మానేసి, పైన సన్నటి పసుపు పట్టీగా అణిగిమణిగి కూర్చుంది. నన్నడిగితే ఆ బ్రౌజరుకి జరిగిన మరమ్మతులన్నింటిలో ఇది గొప్పది. అడగడం మానలేదు గాని, జవాబు చెప్పకుండా ఊరుకునే హక్కు మనకి దక్కింది.

అయినా మనం చదివి “సరే” అంటామా ఏమిటి? పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ తన ఒప్పందపత్రం మధ్యలో, ఇది చదివి మాకు రాసినవారికి బహుమానం ఇస్తామని ఒక ముక్క ఇరికించింది. నాలుగు నెలలు గడిచి, మూడు వేల మంది పైచిలుకు ఆ ప్రోగ్రామును దించుకున్నాక, ఒక్కరంటే ఒక్కరు ఉత్తరం రాశారు. వెయ్యి డాలర్లు పట్టుకుపోయారు.

ఇక పట్టీ అడ్డం వచ్చాక, వ్యాపారులు మన భయాన్నే పట్టుకున్నారు. ఇంట్లో దెయ్యం ఉందని చెప్పి తాయెత్తు అమ్మే విద్య అది. మీ కంప్యూటరులో వైరస్ ఉంది, మీరు చూసిన పేజీల జాడలున్నాయి, ఉచితంగా పరీక్ష చేస్తాం అంటూ ప్రకటనలు లేచేవి. పరీక్షలో ఏవేవో దొరికేవి, అన్నీ కల్పితాలే. వదిలించుకోవాలంటే 39.95 డాలర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ! విన్‌ఫిక్సర్, ఎర్రర్‌సేఫ్ ఇలా రకరకాల పేర్లు. వాటిలో డ్రైవ్‌క్లీనర్ అనేది మన జాడలు తుడిచి ప్రైవసీ కాపాడతానంటూ వచ్చినదే. ప్రైవసీ కోసం బెంగపడ్డవాళ్ళే దాని గిరాకీ అన్నమాట.

2008 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వీళ్ళమీద కోర్టుకెక్కింది. పది లక్షల మందికి పైగా మోసపోయారని లెక్క తేల్చింది. 2012లో కోర్టు 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. తీర్పు వచ్చేసరికి ఆ భయపెట్టే పెట్టెలు ఇంకో పేరుతో, ఇంకో రంగుతో వేరే తెరలమీద లేస్తూనే ఉన్నాయి.