పూర్వీకుల జాడ : ఇంగ్లండు చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు

వంశపారంపర్యాన్ని గూర్చి పాఠం చెప్పేటప్పుడు విక్టోరియా రాణి కుటుంబాన్ని ఉదాహరణగా చూపడం పరిపాటి. రక్తం గడ్డకట్టని వ్యాధి ఆమె సంతానంలో ఎవరెవరికి సంక్రమించినదో తెలిపే వంశవృక్షం చాలా పాఠ్యగ్రంథాలలో ఉన్నది. ఈ పాఠం ముగిసిన తరువాత, ఎవరి కుటుంబ వంశవృక్షం వారు వ్రాసుకొని రమ్మని మా విద్యార్థులకు చెప్పినాను. అందరూ కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పిల్లలే. ముత్తాత పేరును దాటి పైకి పోగలిగినవారు తరగతి మొత్తం మీద ముగ్గురు. తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు నోటికి వచ్చి ఉంటవి. ఆ పైన చీకటి.

ఒక విద్యార్థి లేచి, "రాణిగారి సంగతి సరేనండీ, వారికి చరిత్రకారులు ఉంటారు. ఇంగ్లండులో మా వంటి రైతు మనుమడికి తన ముత్తాతకు తాత ఎవరో తెలుస్తుందా?" అని అడిగినాడు. మంచి ప్రశ్న. చాలావరకు తెలుస్తుందనే సమాధానం చెప్పవలసి వచ్చినది. ఎట్లా తెలుస్తుందో కొంచెం వివరంగా చూద్దాము.

ఒక చర్చి అధికారానికి లోబడిన గ్రామ పరిధిని ఇంగ్లండులో పారిష్ అంటారు. ఎనిమిదవ హెన్రీ రాజ్యకాలంలో, 1538 సెప్టెంబరులో, రాజు మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్‌కు ఒక ఆజ్ఞ పంపినాడు. ఆ వారంలో జరిగిన బాప్తిస్మాలను, వివాహాలను, భూస్థాపనలను మతగురువు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టెలో పెట్టి తాళం వేయవలెను. ఇది కొత్త పన్ను వేయడానికి పన్నిన ఎత్తు అని జనం భయపడినారు. మన ఊళ్లలో కొత్తగా ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే కలిగే అనుమానమే అది. మొదట మామూలు కాగితం మీద వ్రాసినవి చివికిపోతూ ఉండగా, 1598లో తోలుపత్రాల మీదికి ఎక్కించమని మరొక ఆజ్ఞ వచ్చినది. కనీసం ఎలిజబెత్ రాణి రాజ్యానికి వచ్చిన 1558 నుంచి ఎక్కించితే చాలునన్న సడలింపు అందులో ఉన్నందువల్ల, ఓపిక లేని గురువులు అంతకు ముందున్న ఇరవై ఏళ్లను వదలివేసినారు. చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558తో మొదలు కావడానికి కారణం అదే. ఏటేటా ఒక నకలు బిషప్పుకు పంపే పద్ధతి కూడా అప్పుడే స్థిరపడినది. ఒక ప్రతిని పురుగు తిన్నా రెండవది మిగిలినది.

రిజిస్టరు చదవడానికి కొన్ని మెలకువలు కావలెను. అక్కడ కూడా సంవత్సరాది ఒకప్పుడు మన ఉగాదివలె మార్చిలోనే! 1751 వరకు వారి చట్టబద్ధమైన సంవత్సరం మార్చి 25న ఆరంభమయ్యేది. కనుక పాత రిజిస్టరులో 1700 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1701. 1752 సెప్టెంబరు 2 మరునాడు 14వ తేదీ. నడుమ పదకొండు రోజులు లేనే లేవు. 1640 తరువాత అంతర్యుద్ధం వల్ల అనేక పారిష్‌లలో పుటలు ఖాళీ. 1754 నుంచి వధూవరులు సంతకం చేయవలసి వచ్చినది. రానివారు గీటు పెట్టినారు. ఏ ఊళ్లో ఎందరు గీటు పెట్టినారో లెక్క కట్టి నాటి అక్షరాస్యతను అంచనా వేసినారు చరిత్రకారులు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చి, బాప్తిస్మం పొందిన బిడ్డ తండ్రి వృత్తి కూడా అందులో చేరినది. 1837 జూలై 1 నుంచి జనన మరణ వివాహాలను ప్రభుత్వమే నమోదు చేయసాగినది.

జనాభా లెక్కలు 1801లో మొదలైనవి. దేశమంతటా వ్యక్తుల పేర్లతో సహా కాగితాలు నిలిచినది మాత్రం 1841 నుంచి. ఆ ఏడు పదిహేనేళ్లు దాటినవారి వయస్సును అయిదు ఏళ్లకు కుదించి వ్రాసినారు. 39 ఏళ్లవాడు 35 ఏళ్లవాడైనాడు. 1851 నుంచి ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్ కూడా వ్రాసినారు. వెదకేవారికి ఈ చివరి గడియే తాళంచెవి. పుట్టిన ఊరు తెలిస్తే ఆ ఊరి చర్చి రిజిస్టరుకు పోవచ్చును. నూరేళ్లు నిండిన తరువాతనే ఈ కాగితాలు బయటికి వస్తవి. 1921 నాటివి 2022 జనవరిలో వచ్చినవి. 1931 నాటివి 1942లో అగ్నికి ఆహుతి అయినవి.

మనకు బాగా తెలిసిన ఒక ఇంగ్లీషువానిని తీసుకొని ఈ మార్గం నడిచి చూద్దాము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1884 డిసెంబరు 12న లండనులో మరణించినాడు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెనుకకు పోవడం ఇందులో సూత్రం. కాబట్టి మొదట 1884 చివరి త్రైమాసికపు మరణాల సూచిక. బ్రౌను అనే ఇంటిపేరు అక్కడ వీధికొకటి. పేరు ఒక్కటే చూస్తే మోసపోతాము, వయస్సు, నివాసం కూడా కలవాలి. తరువాత 1881 ఏప్రిల్ 3 నాటి జనాభా లెక్క. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. అక్కడి నుంచి 1871, 1861. 1851లోనూ 1841లోనూ వెదకి ప్రయోజనం లేదు. అప్పుడాయన మద్రాసు రాజధానిలో కొలువులో ఉన్నాడు. ఇక జన్మస్థలం. ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినాడు. విదేశంలో పుట్టినవారికి సాధారణంగా దేశం పేరు మాత్రమే వ్రాసేవారు గనుక, ఇంగ్లండులోని ఏ పారిష్‌కూ దారి కనిపించదు. కాని దారి మూసుకొని పోలేదు. కంపెనీ కాలంలో ఇక్కడి చర్చిల నమోదుల నకళ్లు లండనుకు పోయేవి. మద్రాసు రాజధాని నకళ్లు 1698 నుంచి ఉన్నవి. బెంగాలు నకళ్లు వేరే వరుసలో ఉన్నవి. అన్నీ నేడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నవి. తండ్రి డేవిడ్ బ్రౌను కలకత్తాలో మతాచార్యుడు, యార్క్‌షైరులో పుట్టినవాడు. అక్కడి నుంచి మళ్లీ పారిష్ రిజిస్టరు దారి.

ఈ పుస్తకాలు వంశవృక్షాలకే కాక విజ్ఞానానికీ ఉపకరించినవి. రిగ్లీ, స్కోఫీల్డ్ అనే పండితులు 404 పారిష్‌ల రిజిస్టర్లను ఆధారం చేసుకొని 1541 నుంచి 1871 వరకు ఇంగ్లండు జనాభా చరిత్రను పునర్నిర్మించి 1981లో ప్రచురించినారు. 1541లో ఆ దేశ జనాభా దాదాపు 28 లక్షలని తేలినది. పూర్వకాలపు ఆడపిల్లలకు బాల్యంలోనే పెళ్లిళ్లు అయ్యేవనే నమ్మకం కూడా వీగిపోయినది. పదిహేడవ శతాబ్దిలో అక్కడి స్త్రీ తొలి వివాహపు సగటు వయస్సు 25, 26 ఏళ్లు. ఎవరో పల్లెటూరి గురువు చలిలో కూర్చుండి వ్రాసిన మూడు ముక్కలు ఇంత చెప్పినవి.

మరి మన సంగతి? ఇంగ్లండులో బ్రౌను పేరు వ్రాసుకొనడానికి నెలన్నర ముందు, 1881 ఫిబ్రవరి 17న, భారతదేశమంతటా జనాభా లెక్క జరిగినది. కంచికచర్లలోనూ ఇల్లిల్లూ తిరిగి వ్రాసుకొనే ఉంటారు. కాని ఇక్కడ కాగితాల నుంచి అంకెలు కూడుకొన్న తరువాత కాగితాలను నాశనం చేసినారు. ఏలిక ఒక్కటే, ఏడు ఒక్కటే. అక్కడ మనిషి మిగిలినాడు, ఇక్కడ మొత్తం మిగిలినది. స్వతంత్ర భారతంలో 1948 చట్టం ప్రకారం జనాభా లెక్కల కాగితాలను చూసే హక్కు ఎవరికీ లేదు. గోప్యత అవసరమే, కాని నూరేళ్ల తరువాతనైనా తెరిచే ఏర్పాటు లేకపోవడం నాకు లోపంగానే కనిపిస్తుంది. జననమరణాల నమోదు దేశమంతటికీ ఒకే చట్టం కింద విధిగా మారినది 1969లో.

మన తాతలలో పేరు పేరునా కాగితానికి ఎక్కినవారు, ఊరు విడిచి పోయినవారు. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు, 1879 నుంచి 1916 వరకు ఫిజీకి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కినవారిలో తెలుగువారు అనేకులు. ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, కులం, వయస్సు, జిల్లా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చ లేక మచ్చ కూడా వ్రాసుకొన్నారు. తప్పించుకొని పోతే పట్టుకొనడానికి వ్రాసిన వ్రాత అది. నేడు డర్బనులోని మునిమనుమడికి అదే ఆధారం. ఊళ్లోనే ఉండిపోయిన అన్నగారి మునిమనుమడికి అటువంటి కాగితం లేదు.

ఉన్నవల్లా కరణాల లెక్కలు, రీసర్వే రిజిస్టర్లు, ఇనాము రికార్డులు. వీటిలో భూమి ఉన్నవాని పేరే ఉంటుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పటి నుంచి పాత పుస్తకాలు ఎక్కడ ఉన్నవో అడిగి తెలుసుకొనవలసినదే. జిల్లా పేరును కూడా గుర్తుంచుకొనవలెను: మన ఊళ్లు 1859కి పూర్వం మచిలీపట్టణం జిల్లాలోనివి, తరువాత కృష్ణాలోనివి, 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. ఇక గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చుకకుంట్లవారి నోటి వంశావళులు ఉన్నవి. తేదీలు ఉండవు గాని తరాల వరుస ఉంటుంది.

తేదీ లేనంత మాత్రాన అధైర్యపడనక్కరలేదు. ముత్తాత దాటిన ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి అమ్మమ్మను అడిగి వ్రాసుకొని వచ్చినది. అమ్మమ్మగారి తాత ఎప్పుడు పోయినాడని అడిగితే, "దివిసీమ ఉప్పెన అప్పటికి ఉన్నాడే, కృష్ణ పుష్కరాలకు లేడు" అన్నదట ఆమె. ఉప్పెన 1977 నవంబరు 19న, పుష్కరాలు 1980లో. అమ్మాయి తన నోటుపుస్తకంలో ఆ పేరు పక్కన రెండు సంవత్సరాలూ వ్రాసి, నడుమ ఒక గీత గీసినది.